ఎనిమిదో ట్రాకు

"పాలు పాడైనా ఫరవాలేదు, మీ పాట మాత్రం చెడకూడదు. అంతేగా మీరనేది?" అంటూ కోడలు గిన్నె వంచి భర్త మొహం ముందు పెట్టింది. పాలు గడ్డలు గడ్డలుగా ఉన్నాయి.

"ఒక్క పూట ఫ్రిజ్ ఆపమన్నాను. ఇల్లు తగలెట్టమన్నట్టు మాట్లాడతావేం?"

"మొన్నా ఒక్క పూటే అన్నారు. నిన్నా ఒక్క పూటే. ఇవాళ లేచి చూస్తే మళ్ళీ ప్లగ్గు పీకేసుంది. అడుగునుంచి నీళ్ళు కారి వంటగదంతా చిత్తడి. ముందు ఫ్యానన్నారు, తర్వాత మిక్సీ అన్నారు, నిన్న పక్కింటివాళ్ళ లిఫ్టన్నారు. రేపు నేను ఊపిరి పీల్చినా మీ కంప్యూటరు ఆగిపోతుందంటారు."

"మోటారు ఆన్ అయినప్పుడల్లా కరెంటు లైన్లోకి రొద వస్తుంది. చెప్పినా నీకర్థం కాదు."

"కాదు మరి. మందుల షాపులో కూర్చుని ఎవరు ఏ మాత్ర ఏ పూట వేసుకోవాలో చెప్పేదాన్ని. మోటార్ల సంగతి నాకెలా తెలుస్తుంది?"

అత్తగారు ఎవరి పక్షమూ చేరలేదు. గిన్నె అందుకుని తొట్టిలో వంపేసింది. "టీ ఎవరికైనా కావాలంటే పాలు లేనిదే," అని మాత్రం అంది.

వెనక గదిలో మామగారైన మాస్టారి పాత టేపు మిషను ఎన్నో ఏళ్ళ తర్వాత మళ్ళీ తిరిగిందని పోయిన వారం ఇంటిల్లిపాదీ సంబరపడ్డారు కదా, ఆ సంబరం తెల్లారేసరికే ఆవిరైపోయింది. మాస్టారు వయసులో ఉండగా స్వరపరిచిన పాటలన్నీ ఆ టేపుల మీదే ఉన్నాయి. వాటిని కంప్యూటరులోకి ఎక్కించి, శుభ్రం చేసి ఇస్తే కొత్తగా విడుదల చేస్తామని ఒక కంపెనీ ఒప్పుకుంది. కొడుకు స్టూడియోకి చాన్నాళ్ళకి దొరికిన పెద్ద పని. ఆ పాటలు పాడింది అత్తగారి చెల్లెలు. కొడుక్కి పిన్ని, ఇప్పుడు పేరున్న గాయని. గురువారం ఆవిడ స్వయంగా వచ్చి విని సరేనంటే కంపెనీకి పంపేయాలి. కానీ మొదటి పాటే రెండో చరణం దాటనంటోంది.

ఆ టేపు మీద పక్కపక్కనే సాగే ఎనిమిది ట్రాకులున్నాయి. గిటారు ఒక దాన్లో, కీబోర్డు ఒక దాన్లో, వేణువు, కోరసు, ఏడో దాన్లో పిన్ని గొంతు. డ్రమ్ములకి మాత్రం చోటు చాల్లేదు. వాటిని వాయించడానికి డ్రమ్ మిషను అని వేరే ఒక పెట్టె ఉంది. అప్పటి వాయింపుని మాస్టారు ఒక చిన్న కేసెట్లో దాచిపెట్టారు, కొడుకు దాన్ని మళ్ళీ పెట్టెలోకి ఎక్కించాడు. ఇక ఎనిమిదో ట్రాకులో పాట ఉండదు, కీచుమనే ఒక మోత ఉంటుంది. అది మనుషుల కోసం కాదు, టేపునీ డ్రమ్మునీ కలపడానికి మధ్యలో పెట్టిన ఒక చిన్న డబ్బా పుట్టించేది. ఆ కీచు అందుతున్నంతసేపే డ్రమ్ మిషను టేపుతో అడుగు కలిపి నడుస్తుంది. ఇప్పుడు కంప్యూటరు కూడా దాన్నే పట్టుకుని నడవాలి. నడుస్తోంది కూడా. రెండో చరణంలో గొంతు పైకి లేచే చోటికి వచ్చేసరికి తెర మీద ఎర్రచుక్క వెలుగుతుంది, డ్రమ్ము తడబడి ఆగిపోతుంది. కొడుకు కేబుళ్ళు మార్చాడు. సాఫ్ట్‌వేరు తీసేసి మళ్ళీ ఎక్కించాడు. టేపుని చదివే హెడ్లు తుడిచాడు. సెట్టింగులన్నీ అటూ ఇటూ తిప్పి చూశాడు. మిగిలింది ఇంట్లో సామాను మీద పడటమే.

"ఒక్క మాట అడుగుతాను, చెప్పండి," అంది కోడలు నేల తుడుస్తూ. "రోజూ అదే మాట దగ్గర ఆగుతోందంటున్నారు. మన ఫ్రిజ్‌కి ఆ చరణం అంత నచ్చిందా, సరిగ్గా అక్కడికొచ్చేసరికే లేచి కూర్చుంటోంది?"

అతను భార్య వంక కాసేపు చూసి, చేతిలో గ్లాసు అక్కడే పెట్టేసి వెనక గదిలోకి వెళ్ళిపోయాడు.

"వెనకబండీ! టీ వస్తుందా, రాదా?" అని ముందు గదిలోంచి మాస్టారు కేకేశారు.

వెనకబండి అంటే అత్తగారు. పాట కన్నా వెనకబడుతుందని మాస్టారు ఎప్పుడో పెట్టిన పేరు అది. ఇంట్లో అందరికీ అలవాటైపోయింది. చుట్టాలందరూ కలిసి పాడుకునే చోట అందరూ చప్పట్లు కొడుతుంటే ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది. "వద్దులేమ్మా, మిగతావాళ్ళు తప్పిపోతారు," అని కూతురే నవ్వుతుంది. గిన్నెలు కడిగేటప్పుడు కూడా కూనిరాగం తియ్యదు. ఆ పేరు ఆవిడ మనసులో ఎంత లోతుకి దిగిందో చూడాలంటే ఈ ఇంట్లో గడియారాలు చూడాలి. అన్నీ ముందుకు తిప్పి ఉంటాయి. బస్సు మధ్యాహ్నమైతే పొద్దున్నే సంచి గుమ్మంలో ఉంటుంది. ఎవరికీ ఏదీ ఆలస్యం కాకుండా చూడటంతోనే ఆవిడకి తెల్లారుతుంది.

మాస్టారికి చెవులు బాగా మందగించాయి. ఎవరేం మాట్లాడినా ఆయన భార్య వైపు చూస్తారు. ఆవిడ ఆయన కుడి చెవి దగ్గరికి వంగి, అదే మాట గట్టిగా రెండోసారి చెబుతుంది. ఫోన్లో మాటలు, టీవీలో మాటలు, మనవల మాటలు, అన్నీ ఆయనకి ఆవిడ గొంతులోనే అందుతాయి.

* * *

కాసేపటికి కొడుకు భార్యని కేకేశాడు. "ఇలా రా. నేను చెప్పినప్పుడు టేపు ఆన్ చెయ్యి. నేను తెర చూడాలి."

కోపం ఇంకా తగ్గలేదు గానీ వెళ్ళింది. గది నిండా తీగలు. గోడలకి అతికించిన స్పాంజి ముక్కలు చివర్లలో రాలిపోతున్నాయి. పక్కపక్కనే ఉన్న పాత టేపు మిషనూ కొత్త కంప్యూటరూ మొహాలు తిప్పుకుని కూర్చున్న తోడికోడళ్ళలా ఉన్నాయి.

"ఇన్నాళ్ళూ అన్నీ విన్నాను, దీన్ని ఒక్కదాన్నే వినలేదు," అన్నాడతను. "కీచుని ఎవరూ వినరు. వినేందుకు ఏముంటుంది? నువ్వన్నాక తట్టింది. రొద ఎక్కడో బయట కాదు, ఈ ట్రాకులోనే ఉండాలి. ఊఁ, నొక్కు."

స్పీకర్లలోంచి వచ్చిన మోతకి కోడలు రెండు చెవులూ మూసుకుంది. రేకు మీద మేకుతో గీసినట్టుంది. అతను మౌసుతో తెర మీద ఒక గీతని కిందికి లాగుతుంటే కీచు పలచబడుతూ వచ్చింది. ఇంకాస్త లాగాడు. కీచు దాదాపు పోయి, అడుగున ఏదో మిగిలింది. రొద కాదు. తలుపులన్నీ వేసుకున్న పక్కింట్లో ఎవరో పాడుతున్నట్టుంది.

"పిన్ని గొంతు," అన్నాడు ఊపిరి వదులుతూ. "ఏడో ట్రాకులోంచి ఇందులోకి పాకుతోంది. ఇంతేనా! దీనికోసమా నేను ఫ్రిజ్ పీకాను?"

"ఆ ముక్క ముందు ఒప్పుకోండి."

"ఒప్పుకున్నాను తల్లీ." నవ్వుతూనే ఏడో ట్రాకు కూడా పెట్టాడు, రెండూ ఒకటేనని తేల్చుకోవడానికి. 'వాన వెలిసిన వీధిలో' అని పాడి పిన్ని చిన్నగా ఊపిరి పీల్చుకుంది. తర్వాత 'ఎవరి అడుగుల తడి' అని అందుకుంది. అడుగున ఉన్న గొంతు ఊపిరి పీల్చుకోలేదు. 'వీధిలో' దగ్గరే పైకి లేచి, అలాగే ఒక్క గుక్కలో 'తడి' దాకా వెళ్ళింది. సరిగ్గా అక్కడే తెర మీద ఎర్రచుక్క వెలిగింది.

మళ్ళీ పెట్టాడు. మళ్ళీ అంతే. అతని నవ్వు పోయింది.

"ఇది పిన్నిగారు కాదు కదండీ?"

"కాదు." టేపు ఆపి, హెడ్ల వంక చూస్తూ కూర్చున్నాడు. "ముందున్న పాట మీద కీచు ఎక్కించారు. పాతది తుడిచే హెడ్డు కాస్త ఓరగా ఉండి ఉంటుంది. అంచునున్నది పూర్తిగా పోలేదు. పక్క ట్రాకులోకి పాకకుండా కీచుని బాగా తక్కువలో ఎక్కించారు. అందుకే ఈ గొంతు పైకి లేచినప్పుడల్లా కీచు మునిగిపోతోంది. కంప్యూటరుకి దారి తెలియడం లేదు."

"ఎవరిదండీ?"

"ఈ పాట ముందు పాడింది అమ్మ. తాళం నిలబడటం లేదని నాన్న తీసేసి పిన్ని చేత పాడించారు. నాకప్పటికి నడకే సరిగ్గా రాదు. తర్వాత విన్నదే." గొంతు తగ్గించాడు. "అమ్మతో అనకు. గురువారం పిన్ని వచ్చి వెళ్ళిపోనీ. ఇప్పుడిది కెలకడం ఎందుకు?"

"ఎందుకు అనకూడదు?"

అంతలో తలుపు దగ్గర గ్లాసులు కదిలిన చప్పుడైంది. అత్తగారు ట్రే పట్టుకుని నుంచుని ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు.

"ఇంకోసారి వెయ్యి," అంది.

"అమ్మా, అదీ..."

"వెయ్యరా."

వేశాడు. ఆవిడ ట్రే ఒళ్ళో పెట్టుకుని స్పీకరు పెట్టె మీద కూర్చుంది. పాట అయ్యేదాకా నేల వంకే చూసింది. అయ్యాక, "ఆ రోజు నాకు జలుబు. ముక్కుతో పాడినట్టు తెలుస్తోంది కదూ?" అంది.

కొడుకు టేపు వెనక్కి తిప్పాడు.

"గిటారు కలుపు."

కలిపాడు. ఆవిడ చూపుడు వేలు ట్రే అంచు మీద పడుతూ లేస్తూ ఉంది. గిటారు పడిన చోటే వేలు పడుతోంది, వేలు పడిన చోటే మాట పడుతోంది. రెండో చరణం పైకి లేచినప్పుడు కోడలు ఊపిరి బిగబట్టింది, ఇప్పుడు తప్పుతుందేమోనని. తప్పలేదు. అత్తగారు తప్పు కోసం వెతుకుతున్నట్టు ముందుకి వంగి వింది. పాట అయిపోయాక కూడా వేలు కాసేపు ఆడుతూనే ఉంది.

"ఇప్పుడు డ్రమ్ము పెట్టు. ఇలా కాదు, ఆ రోజు పెట్టినట్టు. అప్పటికి ఈ కీచు డబ్బా లేదు. మీ నాన్న ఒక చేత్తో టేపు, ఇంకో చేత్తో డ్రమ్ము నొక్కేవారు, ఒక్కసారే."

"అలా కలవవమ్మా."

"కలవకపోతే పోనీ. పెట్టు."

కొడుకు డ్రమ్ మిషను నుంచి కీచు తీగ పీకేశాడు. రెండు చేతులతో రెండు బటన్లూ ఒక్కసారే నొక్కాడు. పల్లవి బాగానే నడిచింది. మొదటి చరణంలో డ్రమ్ము దెబ్బ గిటారు కన్నా వెంట్రుకవాసి ముందు పడుతున్నట్టు అనిపించింది. రెండో చరణానికి డ్రమ్ము ముందుకెళ్ళిపోయింది. గిటారూ గొంతూ ఒకదాన్నొకటి పట్టుకుని వెనక మిగిలిపోయాయి.

"గిటారు తగ్గించు," అంది అత్తగారు. "ఇంకా. డ్రమ్ము పెంచు. ఆఁ, ఇదీ. ఆ రోజు గదిలో అందరికీ వినపడింది ఇదే. గిటారు ఆయనా, వేణువు ఆయనా, కంపెనీ నుంచి వచ్చిన పెద్దమనిషీ, మీ అత్తా అందరూ ఉన్నారు. హెడ్‌ఫోన్లు లాగేసి, 'నీకు లయ లేదు, వెనకబండిలా ఈడుస్తావు' అన్నారు మీ నాన్న. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను."

"టేపు మోటారమ్మా," అన్నాడు కొడుకు. "చల్లగా ఉంటే ఒకలా, వేడెక్కితే ఒకలా తిరుగుతుంది. డ్రమ్ము మాత్రం ఎప్పుడూ ఒక్కలాగే నడుస్తుంది. చేత్తో మొదలుపెడితే పాట చివరికి విడిపోవాల్సిందే. ఎవరు పాడినా అంతే."

"ఎవరు పాడినా అంతేనా?"

"అంతే."

ఆవిడ చూపు మిషను పక్కనున్న కీచు డబ్బా మీదికి వెళ్ళింది.

"మరి ఆ డబ్బా ఎందుకు కొన్నారు?" అని అడిగింది.

కొడుకు తలొంచుకున్నాడు. అడిగింది అతన్ని కాదని అతనికీ తెలుసు. రెండూ కలిసి నడవడం లేదని తెలిసినవాడే కలిపి నడిపించే డబ్బా కొంటాడు.

అత్తగారు లేచింది. టీ ఎవరూ తాగలేదు. "చల్లారిపోయింది, మళ్ళీ పెడతాను. నీ చెల్లెలు వచ్చే వేళైంది, భోజనానికి రండి," అని గ్లాసులు అలాగే వెనక్కి తీసుకెళ్ళిపోయింది.

* * *

ఆదివారాల్లో ఆడపడుచు భోజనానికి వస్తుంది. వస్తూనే గోడ గడియారం చూసి గుండె పట్టుకుంది. "అమ్మా, ఈ ఇంటికొస్తే నేను ఎప్పుడూ ఆలస్యమే! ఎన్నిసార్లు మోసపోతానే నీ గడియారానికి?" చెప్పులు విప్పుతూనే, "ఏంటి వదినా, మొహం అలా ఉంది? అన్నయ్య మళ్ళీ ఏం పీకాడు?" అంది.

"ఫ్రిజ్."

"పోన్లే, నిన్ను పీకలేదు."

ఎవరూ నవ్వకపోయేసరికి అందరి మొహాలూ చూసి ఊరుకుంది.

మాస్టారు మాత్రం హుషారుగా ఉన్నారు. పాటలు మళ్ళీ వస్తాయన్నప్పటి నుంచీ ఆయన రోజూ గడ్డం గీసుకుంటున్నారు. కూర కలుపుతూ, "వెనకబండీ, ఉప్పు!" అన్నారు. ఉప్పు అప్పటికే ఆయన చేతి పక్కనుంది. అత్తగారు దాన్ని కాస్త దగ్గరికి జరిపి ఎదురుగా కూర్చుంది. మామూలుగా ఆవిడ అందరూ తిన్నాక తింటుంది. కోడలికి చేతిలో ముద్ద నోటిదాకా వెళ్ళలేదు.

"టేపునీ డ్రమ్మునీ కలిపే డబ్బా ఉంది చూశారూ," అంది అత్తగారు గట్టిగా, ఆయనకి వినపడేలా. "అది ఎప్పుడు కొన్నారు?"

మాస్టారి మొహం వెలిగిపోయింది. "ఓ, అదా! ఈ చుట్టుపక్కల మొదట కొన్నది నేనేనర్రా. షాపువాడికే దాన్నెలా పెట్టాలో తెలియదు. నేనే కూర్చుని పుస్తకం చదివి, తీగలు కలిపి..."

"ఎందుకు కొన్నారు?"

"ఎందుకేంటి? రెండూ కలిసి నడవాలి కదా. ఒకటి పరిగెత్తేది, ఒకటి ఈడ్చేది. పాట చివరికి వచ్చేసరికి..."

మాట అక్కడ ఆగింది. ఆయన చెయ్యి పళ్ళెంలోనే ఉండిపోయింది. భార్య మొహం వంక, కొడుకు మొహం వంక మార్చి మార్చి చూశారు.

కొడుకు పళ్ళెంలోకి చూస్తూ అన్నాడు. "ఎనిమిదో ట్రాకులో అమ్మ గొంతు ఇంకా ఉంది నాన్నా. సరిగ్గా తుడుచుకుపోలేదు. గిటారుతో కలిపి విన్నాం. ఎక్కడా తప్పలేదు."

మాస్టారికి వినపడలేదు. అలవాటుగా భార్య వైపు తిరిగారు. అత్తగారు లేచి, ఎప్పట్లాగే ఆయన కుడి చెవి దగ్గరికి వంగింది.

"ఎనిమిదో ట్రాకులో నా గొంతు ఇంకా ఉందిట. ఎక్కడా తప్పలేదుట."

చెప్పేసి మళ్ళీ వచ్చి తన చోట కూర్చుంది. ఆడపడుచు ముద్ద మింగడం మరిచిపోయింది.

"ఇప్పుడవన్నీ ఎందుకు?" అన్నారు మాస్టారు. "ఎప్పటి మాట అది!"

"నా పాట తుడిచింది డబ్బా కొనకముందా, కొన్నాకా?"

"కీచు ఎక్కించడానికి ఒక ట్రాకు ఖాళీ కావాలి. అన్నీ నిండిపోయి ఉన్నాయి. దేన్ని తీసేది? నీది ఎలాగూ వాడని పాట."

"అంటే కొన్నాకే. టేపుదే తప్పని తెలిశాకే తుడిచారు."

"తుడవక ఏం చెయ్యమంటావు? అప్పటికే మీ చెల్లెలు పాడేసింది. కంపెనీ వాడు విని బాగుందన్నాడు. వాళ్ళందరినీ మళ్ళీ పిలిచి, తప్పు నాదే, మా ఆవిడ సరిగ్గానే పాడింది అని చెప్పమంటావా? నలుగురి ముందు అన్న మాట ఎలా వెనక్కి తీసుకుంటారు ఎవరైనా?"

"నలుగురి ముందు తీసుకోమని నేననలేదు," అంది అత్తగారు. "వంటింట్లో చెప్పినా సరిపోయేది."



"చెప్తే ఏమయ్యేది?" మాస్టారి గొంతు పెరిగింది. తమకే వినపడనివాళ్ళు అరిచినట్టు అరిచారు. "నువ్వు పాడేదానివా? ఒకడు చంకలో, ఒకతె కడుపులో! ఆ ఇల్లూ, మా అమ్మ మంచమూ ఎవరు చూసేవాళ్ళు? పాడి ఏం బావుకునేదానివి?"

"పాడేదాన్నో కాదో నాకు తెలియదు. తెలుసుకునే పని లేకుండా చేశారు." ఆవిడ గొంతు పెరగలేదు. "పిల్లలకి ఒక్క జోలపాట పాడలేదండీ నేను. తాళం తప్పితే వాళ్ళకి కూడా అదే అబ్బుతుందేమోనని భయపడ్డాను. దీన్ని ఎత్తుకుని ఊరికే అటూ ఇటూ తిరిగేదాన్ని."

ఆడపడుచు కళ్ళు తుడుచుకుంది. చప్పట్లు కొట్టొద్దని తల్లితో తను అన్న మాటలు గుర్తొచ్చాయేమో, తలెత్తలేదు.

"అంతా నా నెత్తినే వెయ్యండి," అన్నారు మాస్టారు, పళ్ళెం పక్కకి తోసేసి. "నాకొక్కడికే తెలిసినట్టు! అసలు కనిపెట్టింది నేను కాదు. ఆ పిల్ల పాడినప్పుడూ అలాగే వెనకబడింది. హెడ్‌ఫోన్లు తీసి, 'బావగారూ, గిటారు కూడా వెనకపడుతోంది, వినండి' అంది. అప్పుడు గానీ నాకు తట్టలేదు. ఆ మర్నాడే డబ్బా కోసం వెళ్ళాను."

ఆయన అనేసి, అనకూడనిది అనేశానని అప్పుడు తెలుసుకున్నట్టు నీళ్ళ గ్లాసు అందుకున్నారు.

"పిన్నికి తెలుసా?" అంది ఆడపడుచు. "అప్పటి నుంచీ తెలుసా?"

పండక్కి, పబ్బానికి వచ్చినప్పుడల్లా పిన్ని ఈ బల్ల దగ్గరే కూర్చునేది. బావగారు 'వెనకబండీ' అని కేకేస్తే, "పాపం మా అక్కని అలా అనకండి బావగారూ," అని అందరికన్నా ముందు నవ్వేది. ఆ నవ్వు కోడలికి ఇప్పుడు చెవుల్లో మళ్ళీ వినపడింది. అత్తగారికి కూడా అదే వినపడుతోందేమో, చాలాసేపు బల్ల చివరనున్న ఖాళీ కుర్చీ వంక చూసింది. మొహంలో కోపం లేదు. ఇన్నాళ్ళూ మోస్తున్న సంచిలో ఏముందో విప్పి చూసుకున్న మనిషిలా ఉంది.

తర్వాత లేచి, తన పళ్ళెం తీసుకెళ్ళి తొట్టిలో పెట్టి, చెయ్యి కడుక్కుంది. గోడ దగ్గరికి వెళ్ళి ఫ్రిజ్ ప్లగ్గు పెట్టింది. మోటారు ఒక్కసారి వణికి అందుకుంది. కొడుకు ఉలిక్కిపడి చూశాడు.

"ఇక దీన్ని ఎవరూ ఆపొద్దు," అంది ఆవిడ. బల్ల దగ్గరికి రాలేదు, వంటగది గుమ్మంలోనే నుంచుని పమిట కొంగుకి చెయ్యి తుడుచుకుంటూ, రేపటి కూర గురించి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది. "గురువారం చెల్లెలు ఇక్కడికి రానక్కర్లేదు. రేపు నేనే దాని దగ్గరికి వెళ్తున్నాను. ఆ టేపు నాతో తీసుకెళ్తాను. అది విని ఏం చెబుతుందో దాని ఇంట్లో, దాని మొహం చూస్తూ వింటాను. తిరిగి ఎప్పుడొస్తానో ఇప్పుడు చెప్పలేను. మొదటి బస్సుకి కాదు, తీరుబడిగానే వెళ్తాను."

"అమ్మా, ఆ టేపు లేకపోతే నా పని..." అని కొడుకు లేవబోయాడు.

"ఆగనీ," అంది. "ఇన్నేళ్ళూ ఆగింది."

కోడలు భర్త చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. అత్తగారు లోపలి గదిలోకి వెళ్ళింది.

మాస్టారు గ్లాసు కింద పెట్టి అందరి వంకా చూశారు. భార్య పెదవులు కదిలాయని తెలిసింది, మాట అందలేదు. ఆవిడ ఆయనతో ఎప్పుడూ అంత చిన్న గొంతుతో మాట్లాడలేదు.

"ఏమంది?" అన్నారు కొడుకుతో. కొడుకు పళ్ళెంలోకి చూశాడు.

"ఏమందే మీ అమ్మ?" అన్నారు కూతురితో. కూతురు నీళ్ళ జగ్గు తీసుకుని వంటగదిలోకి వెళ్ళిపోయింది.

కోడలి వైపు తిరిగారు. కోడలు కూడా లేచి ఆయన ముందున్న పళ్ళెం తీసింది.

మాస్టారు అలవాటుగా తల వంచి, కుడి చెవి ఖాళీ అయిన ఎదుటి కుర్చీ వైపు పెట్టి కాసేపు అలాగే ఎదురుచూశారు. లోపలి గదిలో అల్మారా మీద నుంచి సంచి దించుతున్న చప్పుడు మిగిలిన ముగ్గురికీ వినపడింది.